గాయకుడు తప్పుకున్నాక బేస్ గిటార్ ఏం చెబుతుంది?

1968 ఆగస్టులో జాక్ బ్రూస్ తన సొంత పేరు మీద తొలి ఆల్బమ్ రికార్డు చేశాడు. అప్పటికి అతను క్రీమ్ బృందానికి బేస్ గిటారిస్టు, ప్రధాన గాయకుడు కూడా. ఎరిక్ క్లాప్టన్, జింజర్ బేకర్‌లతో కలిసి రాక్ కచేరీ రూపురేఖలనే మార్చేసిన రోజులవి. విడిపోతున్నామని ముగ్గురూ అప్పటికే చెప్పేశారు. నవంబరులో లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్‌లో వీడ్కోలు కచేరీ. గొంతు ఉంది, పేరు ఉంది, వినడానికి లక్షల మంది సిద్ధంగా ఉన్నారు. అయినా అతను పాడలేదు. మొదటి నుంచి చివరి దాకా ఒక్క మాట కూడా లేని 'థింగ్స్ వుయ్ లైక్' చేశాడు. అందులోనూ ఎలక్ట్రిక్ బేస్‌ను పక్కన పెట్టి, నిలబడి వాయించే డబుల్ బేస్ అందుకున్నాడు.

ఆ ఆల్బమ్ వెంటనే బయటికి రాలేదు. పాటలున్న 'సాంగ్స్ ఫర్ ఎ టైలర్' 1969లో ముందు వచ్చింది. ముందు చేసిన ఈ పాటల్లేని రికార్డు 1970 దాకా ఆగింది. రాక్ బేస్ వాద్యకారుల సోలో ఇన్‌స్ట్రుమెంటల్ ఆల్బమ్‌ల చరిత్ర ఇలా ఒక వాయిదాతో మొదలైంది. ఆ తర్వాత 50 ఏళ్లకు పైగా ఇలాంటి ఆల్బమ్‌లు వస్తూనే ఉన్నాయి, కానీ తక్కువ. గిటారిస్టులు చేసినవాటిలో పదో వంతు కూడా ఉండవని నా అంచనా. వచ్చినవాటిని కూడా చాలామంది సర్కస్ ఫీట్లలా చూశారు. ఎంత వేగంగా వాయించాడు, ఎన్ని వేళ్లతో వాయించాడు అన్నదే చర్చ. ఏం కూర్చాడు, ఏం చెప్పాడు అని అడిగినవాళ్లు కొద్దిమందే. ఆ రెండో ప్రశ్న అడుగుతూ ఈ ఆల్బమ్‌లను వరసగా వింటే ఒక సంగతి బోధపడుతుంది. బేస్‌ను గిటార్‌గా మార్చడానికి తాపత్రయపడినవి పాతబడ్డాయి. బేస్‌ను కిందే ఉంచి, సంగీతం మొత్తాన్ని కింది నుంచి కట్టుకుంటూ వచ్చినవి ఇప్పటికీ నిలిచి ఉన్నాయి.

ముందు ఈ వాద్యం ఎక్కడి నుంచి వచ్చిందో చూడాలి. కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌లో లియో ఫెండర్ 1951లో ప్రెసిషన్ బేస్‌ను అమ్మకానికి పెట్టాడు. డబుల్ బేస్‌ను కారులో ఎక్కించి ఊళ్లు తిప్పడం కష్టం. డ్రమ్స్, ఎలక్ట్రిక్ గిటార్లు మోగుతుంటే దాని శబ్దం ఎవరికీ వినపడదు. ఫెండర్ దాన్ని గిటార్‌లా మెడకు తగిలించుకునేలా చేశాడు. వీణకు ఉన్నట్టు మెట్లు పెట్టాడు. మెట్టు మీద వేలు పడితే స్వరం ఖాయం, అందుకే 'ప్రెసిషన్', అంటే కచ్చితత్వం, అన్న పేరు. అంటే ఈ వాద్యం పుట్టిందే పక్కవాద్యంగా. డ్రమ్స్‌తో కాలం పట్టుకోవడం, గిటార్‌కూ గొంతుకూ కింద ఆధారం వేయడం దాని పని. మంద్రంలో తీగ మోగుతుంది, శ్రోత ఒళ్లు కదులుతుంది, మనసు మాత్రం గాయకుడి మీదే ఉంటుంది.

దీనికి భౌతిక కారణాలూ ఉన్నాయి. బేస్ గిటార్ మీద అన్నిటికన్నా లావు తీగ సెకనుకు దాదాపు 41 సార్లు కంపిస్తుంది. గిటార్ లావు తీగ దానికి రెట్టింపు, 82 సార్లు. చెవికి వినపడే హద్దు 20 దగ్గర ఉంటుంది కాబట్టి బేస్ ఆ గట్టు మీద నిలబడి పనిచేస్తుందన్నమాట. అంత కింద రెండు స్వరాలు కలిపి వాయిస్తే చెవి వాటిని విడదీయలేదు. 41 దగ్గరి స్వరానికి దాని గాంధారం 52 దగ్గర ఉంటుంది. రెండింటికీ తేడా సెకనుకు 11 కంపనాలే, అందుకే బురదగా మోగుతాయి. అవే రెండు స్వరాలు రెండు స్థాయిలు పైన గిటార్ మీద వాయిస్తే 165, 208 అయి, తేటగా విడివిడిగా వినిపిస్తాయి. ఒంటరి బేస్ వాద్యకారుడికి ఇదే పెద్ద చిక్కు. కింద ఉంటే ఒక్కో స్వరమే పలకాలి. కలిపి పలకాలంటే పైకి పోవాలి. పైకి పోతే అతను బేస్ వాయిస్తున్నట్టు ఉండదు.

గ్రామఫోన్ రికార్డు కూడా బేస్‌కు అనుకూలం కాదు. మంద్ర స్వరం గట్టిగా ఉంటే రికార్డు గాడి అటూ ఇటూ వెడల్పుగా ఊగుతుంది, ముల్లు ఎగిరిపడే ప్రమాదం ఉంటుంది. ఆ భయంతో కంపెనీల ఇంజినీర్లు బేస్‌ను తగ్గించేసేవాళ్లు. 1966లో బీటిల్స్ 'పేపర్‌బ్యాక్ రైటర్' రికార్డింగులో పాల్ మెకార్ట్‌నీ బేస్‌ను గట్టిగా పట్టడానికి అబీ రోడ్ ఇంజినీర్లు ఒక లౌడ్‌స్పీకర్‌నే తిరగేసి మైకులా వాడారు. ఈ చిన్న ఉపాయంతోనే రాక్ శ్రోతకు బేస్ చేతికందినంత దగ్గరగా వచ్చింది. అంతకు ఒక ఏడాది ముందు, 1965లో, ద హూ బృందం 'మై జనరేషన్' మధ్యలో జాన్ ఎంట్విజిల్ చిన్న చిన్న బేస్ సోలోలు వాయించాడు. సాధారణంగా గిటార్ సోలో వచ్చే చోట అది. బేస్ కూడా జవాబు చెప్పగలదని ఒక హిట్ పాటలో అందరికీ తెలిసిన సందర్భం అది.

అయినా తమ వంతు వచ్చినప్పుడు రాక్ బేస్ వాద్యకారులు ఎక్కువగా పాటల వైపే వెళ్లారు. ఎంట్విజిల్ తొలి సోలో ఆల్బమ్ 1971లో వచ్చింది, నిండా పాటలే. రోలింగ్ స్టోన్స్ బిల్ వైమన్ 'మంకీ గ్రిప్' 1974లో, యెస్ బృందం క్రిస్ స్క్వైర్ 'ఫిష్ అవుట్ ఆఫ్ వాటర్' 1975లో, రష్ బృందం గెడ్డీ లీ 'మై ఫేవరిట్ హెడ్‌ఏక్' 2000లో వచ్చాయి. అన్నీ పాడినవే. దీనికి కారణం ఊహించడం కష్టం కాదు. పాట హక్కుల లెక్కలో రాగానికీ సాహిత్యానికీ వాటా ఉంటుంది. బేస్ నడక ఎంత బాగున్నా దాన్ని అమరికగానే చూస్తారు, రచనగా చూడటం అరుదు. బృందంలో ఏళ్ల తరబడి తన పాటలకు చోటు చాలని వాడు బయటికొచ్చాక ముందు నిరూపించుకోవాలనుకునేది ఆ రచయిత హోదానే. తను వాద్యకారుడినని అందరికీ తెలుసు, పాట కూడా రాయగలనని తెలియాలి. ఆ తపన నాకు న్యాయంగానే తోస్తుంది. కానీ అందువల్ల బేస్ మాత్రం మళ్లీ పక్కవాద్యమే అయింది, ఈసారి తన యజమాని గొంతుకే.

స్క్వైర్ సంగతి ఇక్కడ కొంచెం ఆగి చెప్పాలి. 1971లో యెస్ చేసిన 'ఫ్రెజైల్' ఆల్బమ్‌లో అయిదుగురు సభ్యులూ తలా ఒక సొంత రచన పెట్టారు. స్క్వైర్ వంతు 'ద ఫిష్'. అందులో రాగం, లయ, మళ్లీ మళ్లీ తిరిగే రిఫ్ అన్నీ రకరకాల బేస్ గిటార్ శబ్దాలతోనే చేశాడు. ఒక్కో పొర మీద మరో పొర వేస్తూ, ఒక్క వాద్యాన్నే బృందంగా మార్చాడు. రెండున్నర నిమిషాలే అయినా, బేస్ ఆల్బమ్ అంటే ఎలా ఉండవచ్చో అందులో నమూనా ఉంది. నాలుగేళ్ల తర్వాత పూర్తి ఆల్బమ్ చేసే అవకాశం వస్తే అతను ఆర్కెస్ట్రాతో పాటలు చేశాడు. అది మంచి ఆల్బమే. కానీ 'ద ఫిష్' తెరిచిన తలుపు గుండా అతనే లోపలికి వెళ్లలేదన్న బాధ నాకు ఎప్పుడూ ఉంటుంది.

ఇలాంటి విడి ముక్కలు మరికొన్ని ఉన్నాయి. మెటాలికా తొలి ఆల్బమ్ 'కిల్ ఎమ్ ఆల్' 1983లో వచ్చింది. అందులో క్లిఫ్ బర్టన్ ఒక బేస్ సోలో వాయించాడు, డిస్టార్షన్, వా పెడల్ వేసి, తీగను గీరి, మూల్గించి. 1986లో స్వీడన్‌లో జరిగిన బస్సు ప్రమాదంలో అతను చనిపోయాడు. అదే బృందం 1988లో చేసిన 'అండ్ జస్టిస్ ఫర్ ఆల్'లో కొత్త వాద్యకారుడు జేసన్ న్యూస్టెడ్ బేస్ దాదాపు వినపడనే వినపడదు, మిక్సింగులో అంత తగ్గించేశారు. ఒకే బృందంలో అయిదేళ్ల తేడాతో ఈ రెండూ జరిగాయి. రాక్‌లో బేస్ వాద్యకారుడి స్థానం ఎంత అస్థిరమో చూపడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ అక్కర్లేదు.

మలుపు రాక్ బయటి నుంచి వచ్చింది. 1976లో జాకో పాస్టోరియస్ తన పేరుతోనే తొలి ఆల్బమ్ విడుదల చేశాడు. అతను జాజ్ మనిషి. ఆల్బమ్‌లో ఒక పాట కూడా ఉంది. అయినా ఆ తర్వాత బేస్ చేతబట్టిన రాక్ వాద్యకారుడు ఎవరూ దాన్ని దాటి పోలేకపోయారు. జాకో తన బేస్ మెట్లు పీకేసి వాయించేవాడు. మెట్లు లేనప్పుడు స్వరం నుంచి స్వరానికి జారవచ్చు, గమకం పలుకుతుంది, వయొలిన్‌లో లాగా. శ్రుతి తప్పే ప్రమాదమూ అంతే ఉంటుంది. మొదటి అంశం 'డోనా లీ' కష్టమైన బీబాప్ జాజ్ రచన. దాన్ని బేస్, కాంగా డ్రమ్స్, ఈ రెండింటితోనే వాయించాడు.

నాకు అంతకన్నా ముఖ్యమైనది 'పోర్ట్రెయిట్ ఆఫ్ ట్రేసీ'. రెండున్నర నిమిషాల లోపు ఒంటరి బేస్. తీగను కిందికి నొక్కకుండా, సగంలోనో మూడో వంతులోనో నాలుగో వంతులోనో వేలి కొసతో తాకీ తాకనట్టు తాకి మీటితే, అసలు స్వరం అణిగిపోయి దాని పై స్వరం గంటలా మోగుతుంది. వీటినే హార్మోనిక్స్ అంటారు. గిటారిస్టులు వీటిని అలంకారంగా అక్కడక్కడా వాడతారు. జాకో మొత్తం రచనను వాటితోనే కట్టాడు. పైన హార్మోనిక్స్ మోగుతుంటే కింద మామూలు మంద్ర స్వరం ఒకటి ఆధారంగా పడుతుంది. మంద్రంలో రెండు స్వరాలు కలిస్తే బురద అవుతుందని పైన చెప్పిన చిక్కుకు ఇంత అందమైన పరిష్కారం అంతకు ముందు ఎవరూ చూపలేదు. కింది తీగలోనే పై స్వరాలు దాగి ఉన్నాయి, వాటిని బయటికి తీస్తే చాలు, బేస్ బేస్‌గానే ఉంటుంది. 1987లో 35 ఏళ్లకే జాకో పోయాడు. అతని నైపుణ్యాన్ని అనుకరించినవాళ్లు వేలల్లో ఉన్నారు. ఈ పొదుపును అర్థం చేసుకున్నవాళ్లు తక్కువ.

అదే తరంలో స్వీడన్ వాద్యకారుడు జోనాస్ హెల్‌బోర్గ్ 1982లో 'ద బేసిక్ థింగ్' అనే ఒంటరి బేస్ ఆల్బమ్‌తో మొదలయ్యాడు. రెండేళ్లకు గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్ నడిపిన మహావిష్ణు ఆర్కెస్ట్రాలో చేరాడు. చాలా ఏళ్ల తర్వాత ఘటం విద్వాంసుడు విక్కు వినాయకరాం కొడుకు సెల్వగణేశ్ కంజీరతో కలిసి రికార్డులు చేశాడు. రాక్‌లో పుట్టి తాళం లెక్కల్లోకి వెళ్లిన దారి అది. తొలి ఆల్బమ్ మాత్రం సాధకులకే ఎక్కువ ఉపయోగం.

రాక్ లోపల ఇన్‌స్ట్రుమెంటల్ ఆల్బమ్‌కు గిరాకీ 1987లో వచ్చింది. గిటారిస్టు జో సాట్రియానీ 'సర్ఫింగ్ విత్ ది ఏలియన్' పాటలు లేకుండానే పెద్ద హిట్ అయింది. మరుసటి ఏడాదే, అతనితో కచేరీలు చేస్తున్న బేస్ గిటారిస్టు స్టూవర్ట్ హామ్ తొలి సోలో ఆల్బమ్ 'రేడియో ఫ్రీ ఆల్బెమత్' తెచ్చాడు. ఫిలిప్ కె. డిక్ నవల పేరే పెట్టుకున్నాడు. సాట్రియానీ, ఆలన్ హోల్డ్స్‌వర్త్ గిటార్ వాయించారు. ఈ ఆల్బమ్‌లో అందరూ చెప్పుకునేవి రెండు: బీథోవెన్ 'మూన్‌లైట్ సొనాటా', డెబుసీ పియానో రచన ఒకటి. రెండింటినీ హామ్ ఒక్క బేస్ మీద, రెండు చేతుల వేళ్లతోనూ తీగలను మెట్ల మీద తట్టి, పియానో వాయించినట్టు వాయించాడు. కుడి చేయి పై స్వరాలు, ఎడమ చేయి కింది స్వరాలు.

హామ్ పనితనం మీద నాకు గౌరవం ఉంది. ఆ తట్టే పద్ధతిలో స్వరం ఇంత శుభ్రంగా రావాలంటే ఎంత సాధన కావాలో వాద్యం పట్టినవాళ్లకు తెలుసు. కానీ ఆ రెండు రచనలు వింటే నాకు బీథోవెన్ గుర్తొస్తాడు, డెబుసీ గుర్తొస్తాడు, హామ్ ఏం చెప్పదలచుకున్నాడో మాత్రం గుర్తుండదు. పియానో మీద తేలిగ్గా పలికే దాన్ని బేస్ మీద కష్టపడి పలికించడం వల్ల రచనకు కొత్తగా ఏమీ చేరలేదు. అతని సొంత రచనల్లోనూ అప్పుడే మార్కెట్లో నడుస్తున్న గిటార్ ఆల్బమ్ పోకడలు ఎక్కువ. ఆ కాలపు కీబోర్డు శబ్దం కూడా దాన్ని 1988కే కట్టిపడేసింది. చాలామంది బేస్ వాద్యకారులు దీన్నే ఆదర్శంగా తీసుకున్నారు. 'మా వాద్యం కూడా ఇది చేయగలదు' అన్న రుజువు ఒకసారి దొరికాక, దాన్నే మళ్లీ మళ్లీ ఇస్తూ పోవడంలో చాలా ప్రతిభ ఖర్చయింది.

టోనీ లెవిన్ దారి వేరు. గాయకుడు పీటర్ గేబ్రియెల్‌తో, కింగ్ క్రిమ్సన్ బృందంతో ఏళ్ల తరబడి వాయించిన మనిషి. గేబ్రియెల్ 1986 పాట 'బిగ్ టైమ్'లో లెవిన్ ఎడమ చేత్తో స్వరాలు పట్టుకుంటే, డ్రమ్మర్ జెర్రీ మరోటా పుల్లలతో అవే తీగల మీద కొట్టాడు. ఆ శబ్దం నచ్చి, తర్వాత రెండు వేళ్లకు చిన్న పుల్లలు తగిలించుకుని తనే ఒంటరిగా వాయించడం నేర్చుకున్నాడు. ఇంత చాతుర్యం ఉన్నవాడు తొలి సోలో ఆల్బమ్ చేస్తే దాన్నిండా విన్యాసాలే ఉంటాయనుకుంటాం. 1995లో 'వరల్డ్ డైరీ' వచ్చింది. పర్యటనల్లో వెంట తీసుకెళ్లిన రికార్డర్‌తో, హోటల్ గదుల్లో కూడా రికార్డు చేసిన యుగళ వాదనలవి. ఒక్కో రచనలో ఒక్కో తోడు. అర్మేనియా ఊదుడు వాద్యం దూదూక్ వాయించే లెవోన్ మినాసియాన్, ఫ్రెంచ్ డ్రమ్మర్ మాను కచే, కింగ్ క్రిమ్సన్ సహచరుడు బిల్ బ్రూఫర్డ్, కెనడా తాళవాద్య బృందం నెక్సస్, మద్రాసులో పుట్టిన వయొలిన్ విద్వాంసుడు ఎల్. శంకర్. విడుదల చేయడానికి లెవిన్ తన సొంత కంపెనీ పాపా బేర్ పెట్టుకున్నాడు.

లెవిన్ తన ఆల్బమ్‌లో కూడా ఎదుటివాడికి చోటు ఇస్తాడు. ఈ ఆల్బమ్ ప్రత్యేకత అదే. దూదూక్ ఒక స్వరాన్ని పొడుగ్గా పట్టుకుంటే బేస్ దాని కింద అర్థాన్ని మారుస్తుంది. పై స్వరం అదే, కింది స్వరం మారగానే అది మరో భావం పలుకుతుంది. బేస్‌కు ఉన్న అసలు అధికారం ఇదే. పైన ఎవరు ఏం పాడినా, దాన్ని ఎలా వినాలో నిర్ణయించేది కింది స్వరం. దీన్ని ఇంత నిరాడంబరంగా చూపిన రాక్ బేస్ ఆల్బమ్ మరొకటి నేను వినలేదు. కొన్ని రచనలు పూర్తికాని చిత్తుప్రతుల్లా ఆగిపోతాయన్నది నిజమే. అయితే ఆ అసంపూర్ణత కూడా హామ్ నునుపు కన్నా నాకు దగ్గరగా అనిపిస్తుంది.

ఇక్కడ మళ్లీ జాక్ బ్రూస్ దగ్గరికి వెళ్లాలి, ఎందుకంటే అతను 27 ఏళ్ల ముందే ఇదే మాట వేరేగా చెప్పాడు. 'థింగ్స్ వుయ్ లైక్'లో సాక్సఫోన్ డిక్ హెక్‌స్టాల్ స్మిత్, డ్రమ్స్ జాన్ హైస్‌మన్, గిటార్ జాన్ మెక్‌లాఫ్లిన్. అందరూ లండన్‌లో గ్రాహమ్ బాండ్ బృందాల్లో వేర్వేరు కాలాల్లో వాయించినవాళ్లే. బ్రూస్ గ్లాస్గోలో చెల్లో చదువుకున్నవాడు. ఆ ఆల్బమ్‌లో అతను తన కోసం పొడవాటి సోలోలు పెట్టుకోలేదు. తన రచనలు పెట్టాడు, వాటిని కింద నుంచి నడిపించాడు. ముందు నిలబడి పరుగెత్తే పని సాక్సఫోన్‌కు వదిలేశాడు. డబుల్ బేస్ ఎందుకంటే, క్రీమ్‌లో ప్రతి రాత్రీ ఆంప్లిఫయర్ల గోడ ముందు వాయించినవాడికి తను ఇష్టపడే జాజ్ పలకాలంటే ఆ చెక్క శబ్దమే కావాల్సి వచ్చిందని నేననుకుంటాను. రాక్ శ్రోతలకు ఇది ఎక్కలేదు. అందులో వాళ్లకు తెలిసిన బ్రూస్ లేడు. రచయితగా బ్రూస్ మాత్రం నిండుగా ఉన్నాడు.

అదే మెక్‌లాఫ్లిన్ తర్వాత ఎల్. శంకర్, జాకీర్ హుస్సేన్, విక్కు వినాయకరాంలతో శక్తి బృందం పెట్టాడు. 1990ల చివర్లో దాన్ని 'రిమెంబర్ శక్తి'గా మళ్లీ నడిపినప్పుడు పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ అందులో భాగమయ్యారు. బ్రూస్ పక్కన కూర్చున్న గిటారు, లెవిన్ పక్కన కూర్చున్న వయొలిను, రెండూ దక్షిణాది కచేరీ పద్ధతిలో కలవడం కాకతాళీయం అనుకోను. పక్కవాద్యం ప్రధాన వాద్యంతో సమానంగా మాట్లాడే పద్ధతి అక్కడ ఎప్పటి నుంచో ఉంది.

తెలుగు శ్రోత చెవికి కూడా బేస్ గిటార్ కొత్తది కాదు. 'అభినందన', 'గీతాంజలి' లాంటి ఇళయరాజా సినిమాల పాటల్లో గొంతు కింద మరో రాగం నడిచినట్టు బేస్ నడుస్తుంది. శశిధరన్ లాంటి వాద్యకారుల వేళ్లు పలికిన ఆ నడకలను పాట తెలిసినవాళ్లు తెలియకుండానే కూనిరాగం తీస్తారు. వాయించినవాళ్ల పేర్లు మాత్రం క్యాసెట్ కవర్ల మీద చాలావరకు ఉండేవి కావు. ఇంత పలికిన వాద్యం ఒక్కసారైనా గొంతు లేకుండా ముందుకు రావాలని ఆ పాటలు వింటే అనిపిస్తుంది.

అలా ముందుకు వచ్చినవాటిలో శిఖరం, నా లెక్కన, జాన్ పాల్ జోన్స్ 'జూమా'. 1999లో వచ్చింది. లెడ్ జెప్లిన్‌లో 12 ఏళ్లు బేస్, కీబోర్డులు వాయించి, 'బ్లాక్ డాగ్' రిఫ్ కట్టిన మనిషి, 53వ ఏట చేసిన తొలి సోలో ఆల్బమ్ అది. జెప్లిన్ 1980లో ఆగిపోయింది. గాయకుడు రాబర్ట్ ప్లాంట్ 1982లోనే సోలో ఆల్బమ్ తెచ్చాడు. గిటారిస్టు జిమ్మీ పేజ్ 1988లో తెచ్చాడు. 1994లో వాళ్లిద్దరూ కలిసి ఆల్బమ్ చేసి, దానికి 'నో క్వార్టర్' అని పేరు పెట్టారు. జోన్స్ కీబోర్డు చుట్టూ అల్లిన జెప్లిన్ పాట పేరు అది. జోన్స్‌ను మాత్రం పిలవలేదు. 1995 జనవరిలో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ వేదిక మీద, ఇన్నాళ్లకు తన ఫోన్ నంబరు గుర్తు తెచ్చుకున్నందుకు మిత్రులకు కృతజ్ఞతలని అతను చెప్పిన మాటలో ఆ నొప్పి అందరికీ వినపడింది.

ఆ మధ్య కాలంలో అతను ఖాళీగా లేడు. ఆర్.ఈ.ఎం. బృందం 1992 ఆల్బమ్‌కు తీగవాద్యాల అమరికలు రాశాడు. 1994లో గాయని డయమాండా గలాస్‌తో 'ద స్పోర్టింగ్ లైఫ్' చేశాడు. అందులో గిటారిస్టు లేడు. గొంతు, బేస్, డ్రమ్స్ ప్రధానం. గిటార్ లేకపోతే బేస్ ఎంత మేర ఆక్రమించగలదో అక్కడే తేలింది. 'జూమా'కు పునాది అదే. అక్కడి డ్రమ్మర్ పీట్ థామస్ ఇక్కడా ఉన్నాడు. గొంతు ఒక్కటే తప్పుకుంది. ఆల్బమ్‌ను విడుదల చేసింది కింగ్ క్రిమ్సన్ గిటారిస్టు రాబర్ట్ ఫ్రిప్ కంపెనీ. హక్కులు కళాకారుడి దగ్గరే ఉండాలన్నది దాని నియమం. పాటల హక్కుల లెక్కలో బేస్ వాద్యకారులు ఎంత నష్టపోయారో తలచుకుంటే ఇది చిన్న విషయం కాదు.

జోన్స్ ఇందులో 4, 10, 12 తీగల బేస్‌లు వాయించాడు. ఒళ్లో పెట్టుకుని లోహపు కడ్డీ జార్చి వాయించే ల్యాప్ స్టీల్ బేస్ కూడా ఉంది. 12 తీగల బేస్‌లో ప్రతి లావు తీగ పక్కనా ఒక స్థాయి పైన శ్రుతి చేసిన రెండు సన్న తీగలు ఉంటాయి. ఒక్క మీటుకు మూడూ మోగుతాయి. కింది స్వరం కిందే ఉంటుంది, దాని నీడలా పై స్వరం కూడా పలుకుతుంది. జాకో హార్మోనిక్స్‌తో విప్పిన చిక్కునే జోన్స్ మరో దారిలో విప్పాడు. టైటిల్ రచన మొదలవడమే గరుకైన, బరువైన రిఫ్‌తో. చెవి అలవాటుగా గిటార్ కోసం వెతుకుతుంది. కొద్ది క్షణాల్లో అర్థమవుతుంది, ఆ రిఫ్ నడుస్తున్నది బేస్ మీదే. పాల్ లియరీ గిటార్ ఉంది, కానీ అది రంగులు వేయడానికి. పాత ఏర్పాటు తలకిందులైంది. గిటార్ ఇప్పుడు పక్కవాద్యం.

'బేస్ ఎన్ డ్రమ్స్' అనే చిన్న రచనలో పేరుకు తగ్గట్టు ఆ రెండే. పైన ఏమీ లేదు, అయినా పైన ఏదో లేదన్న వెలితి రాదు. 'ద స్మైల్ ఆఫ్ యువర్ షాడో' నెమ్మదిగా సాగుతుంది. 'స్నేక్ ఐస్'లో లండన్ సింఫనీ ఆర్కెస్ట్రా తీగవాద్యాలు వస్తాయి. ఆర్కెస్ట్రాను రాక్ ఆల్బమ్‌లో పెట్టినప్పుడు అది తరచు తేనె పూతలా పైన పరుచుకుంటుంది. ఇక్కడ అలా జరగలేదు. 1960ల నుంచి ఇతరుల పాటలకు అమరికలు రాసిన చేయి ఇది. ఆ తీగవాద్యాలు బేస్ రిఫ్ వదిలిన ఖాళీల్లోంచి పుట్టినట్టు వినిపిస్తాయి, కింది నుంచి పైకి పెరుగుతాయి. ఈ ఆల్బమ్ మొత్తం వినదగిన తీరు కూడా అదే. లోపాలు లేవని కాదు. కొన్ని రిఫ్‌లు అవసరానికి మించి తిరుగుతాయి. బరువు తగ్గని చోట తేలిక కోసం చెవి ఆరాటపడుతుంది. కానీ ఏ క్షణంలోనూ జోన్స్ 'నేను కూడా గిటారిస్టునే' అని నిరూపించుకోవడానికి ప్రయత్నించలేదు. ఆ అవసరం అతనికి లేదు. తర్వాత వచ్చిన 'ద థండర్‌థీఫ్'లో అతను పాడాడు కూడా. అది నన్ను ఇంతగా పట్టుకోలేదు.

తర్వాతి తరంలో దారులు చీలిపోయాయి. సిడ్నీలో పుట్టిన టాల్ విల్కెన్‌ఫెల్డ్ గిటార్‌తో మొదలుపెట్టి 17వ ఏట బేస్ అందుకుంది. 2007లో తొలి ఆల్బమ్ 'ట్రాన్స్‌ఫర్మేషన్' తెచ్చింది, మాటల్లేని ఫ్యూజన్. అదే ఏడాది నవంబరులో లండన్ రానీ స్కాట్స్ క్లబ్‌లో గిటారిస్టు జెఫ్ బెక్ పక్కన ఆమె వాయించిన సోలో వీడియోగా ప్రపంచమంతా తిరిగింది. ఆ సోలో గొప్పది, అందులో ఆమె తొందరపడదు, మౌనాలకు చోటిస్తుంది. తొలి ఆల్బమ్‌లో ఆ నిబ్బరం ఇంకా కుదురుకుంటూ ఉంది. 2019లో వచ్చిన రెండో ఆల్బమ్‌లో ఆమె పాడింది. ముంబయి అమ్మాయి మోహినీ డే, ఎ. ఆర్. రెహమాన్ కచేరీల ద్వారా దేశానికి తెలిసిన వాద్యకారిణి, 2023లో తన పేరుతోనే తొలి సోలో ఆల్బమ్ చేసింది. రాక్ కన్నా ఫ్యూజన్ వైపు మనిషి. నోటితో తాళం పలికే కొన్నకోల్ లెక్కలు వంటబట్టిన వేళ్లు ఆమెవి. వేగం విషయంలో ఆమెకు ఇక నిరూపించుకోవాల్సింది లేదు. వేగం తగ్గించి కూర్చిన ఆల్బమ్ ఆమె నుంచి రావాలని గట్టిగా కోరుకుంటున్నాను.

ఈ ఆల్బమ్‌లను వినదలచుకున్నవాళ్లకు ఒక విన్నపం. ఫోన్ స్పీకర్‌లో వినకండి. అంత చిన్న స్పీకర్ 41 కంపనాల స్వరాన్ని పలకలేదు. పై పొరలను బట్టి చెవి దాన్ని ఊహించుకుంటుంది, అంతే. ఈ సంగీతానికి కనీసం మంచి హెడ్‌ఫోన్లు కావాలి. జాకో 'పోర్ట్రెయిట్ ఆఫ్ ట్రేసీ'తో మొదలుపెట్టి, లెవిన్ యుగళాలు విని, తర్వాత బ్రూస్ దగ్గరికి వెళ్లండి. హామ్‌ను పనితనం కోసం ఒకసారి వినండి. ఒక్క ఆల్బమ్‌కే తీరిక ఉంటే మాత్రం 'జూమా' వినండి, మధ్యలో ఆపకుండా, మొదటి నుంచి చివరి దాకా.